కొనేవాడి కంటితో ఆంబోతును ఎంచకండి

2023లో బ్రెజిల్‌లో ఒక ఆవుకు 2 కోట్ల 10 లక్షల రియల్స్ విలువ కట్టారు. మన లెక్కలో 35 కోట్ల రూపాయల పైమాటే. పేరు వియాటినా–19. జాతి నెలోర్, అంటే మన ఒంగోలు సంతతి. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఆ వార్త మన పత్రికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినన్నాళ్లూ దాని వెంటే ఒక తీర్పు కూడా తిరిగింది: వాళ్లు మార్కెట్‌ను చూసి పశువును పెంచారు, మనం మురిపెం కొద్దీ పెంచాం, వాళ్లు బాగుపడ్డారు, మనం పోగొట్టుకున్నాం. కొనేవాడు ఏది అడుగుతాడో తెలుసుకో, దానికి సరిపోయే ఆంబోతును ఎంచుకో, మిగతాదంతా సెంటిమెంటు. పశుసంవర్ధక సదస్సుల్లో, వ్యవసాయ పేజీల్లో, పొలం గట్ల మీద ఇప్పుడు వినిపించే మాట ఇదే. అమెరికా, బ్రెజిల్ రైతులకు అక్కడి సలహాదారులు చెప్పేదీ చాలావరకు ఇదే.

గొడ్డు మాంసం తినాలా వద్దా అన్న చర్చ ఇక్కడ లేదు. మాంసం కోసమే పశువును పెంచే దేశాల్లో ఆంబోతును ఎలా ఎంచాలన్నదే ప్రశ్న.

ఈ వాదాన్ని దాని బలం ఉన్న చోటే ఎదుర్కోవాలి. పశుపోషణ వ్యాపారం. కొనే నాథుడు లేని సరుకు తయారుచేసినవాడు మిగలడు. అమెరికాలో 1970ల చివర నుంచి దాదాపు ఇరవై ఏళ్లపాటు గొడ్డు మాంసానికి గిరాకీ పడిపోతూ వచ్చింది, ఆ చోటును కోడి ఆక్రమించింది. ఒక రోజు మెత్తగా, మరో రోజు తోలులా ఉండే మాంసానికి జనం డబ్బు పెట్టలేదు. అప్పుడు మేల్కొని, మాంసంలో సన్నని కొవ్వు చారలు బాగా పడే ఆంబోతులను ఎంచారు, గ్రేడును బట్టి ధర కట్టే పద్ధతిని విస్తరించారు. ఇవాళ అక్కడ గ్రేడు వేసే మాంసంలో 80 శాతానికి పైగా ప్రైమ్, ఛాయిస్ అనే పై రెండు తరగతుల్లో పడుతోంది. గిరాకీ తిరిగొచ్చింది. ఇదంతా నిజం. కాదనను.

కాదనేది దీని నుంచి లాగే సూత్రాన్ని. కొనేవాడి కోరికే ఆంబోతు ఎంపికకు మొదటి కొలత అన్న సూత్రం తర్కానికీ నిలవదు, చరిత్రకూ నిలవదు.

1. ఆ 35 కోట్లు మాంసం ధర కాదు

ముందు ఈ భ్రమను తీసేద్దాం. సుమారు 1,100 కిలోల ఆ ఆవును ఆ ఏటి ధరకు కబేళాకు తోలి ఉంటే పది వేల రియల్స్ రావడమే గగనం. మిగిలిన రెండు కోట్ల చిల్లర ఎక్కడిది? ఆవులో మూడో వంతు వాటాను వేలం వేశారు, అది సుమారు 70 లక్షల రియల్స్ పలికింది. దాన్ని మూడుతో గుణిస్తే వచ్చిన అంకె అది. ఆ వాటా కొన్నవాళ్లు కొన్నది మాంసాన్ని కాదు, దాని అండాల నుంచి తయారయ్యే పిండాలను మరో పెంపకందారుకు అమ్ముకునే హక్కును. అతను ఇంకొకరికి అమ్ముతాడు. ఈ గొలుసులో తినేవాడు ఎక్కడా లేడు. దీన్ని మాంసం మార్కెట్ తీర్పుగా చూపించడం వాపును చూసి బలుపనుకోవడమే.

ఇలాంటి వేలంవెర్రి బ్రెజిల్‌కు కొత్త కాదు. అక్కడి మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని ఉబెరాబా చుట్టూ 1930ల్లో, 40ల్లో ఇందుబ్రజిల్ అనే సంకర జాతికి పిచ్చి ధరలు పలికాయి. కొనేవాళ్లు ముచ్చటపడిన గుణాల్లో ఒకటి పొడవాటి చెవులు. చెవులు ఎంత సాగితే ధర అంత సాగింది. 1940ల నడుమ ఆ బుడగ పగిలింది, అప్పులు చేసి కొన్నవాళ్లు మునిగారు. చెవితో మాంసం పెరగదని వాళ్లకు తెలియక కాదు. పక్కవాడు కొంటున్నాడని కొన్నారు.

2. ధర చెప్పేది సగం సంగతే

ఈ వాదంలో అసలు చిల్లు ఇక్కడుంది. ధర వచ్చేది చంపిన పశువుకు. ఖర్చయ్యేది బతికున్న ఆవుకు. దూడ పుట్టాలంటే ఒక తల్లి ఏడాది పొడవునా మేయాలి, సకాలంలో ఎదకు రావాలి, చూలు నిలవాలి, మనిషి చెయ్యి పడకుండా ఈనాలి, దూడకు చాలినన్ని పాలివ్వాలి, మళ్లీ మూడు నెలల్లోపు చూడి కట్టాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కబేళా గుమ్మం దగ్గర ధర ఉండదు. కొవ్వు చారలకు ఉంటుంది. కండకు ఉంటుంది. బరువుకు ఉంటుంది.

దీనికి తోడు జీవశాస్త్రం ఒక మెలిక పెట్టింది. కొవ్వు చారలు, ఎదుగుదల తండ్రి నుంచి బిడ్డకు గట్టిగా సంక్రమించే గుణాలు. ఎంచితే రెండు మూడు తరాల్లోనే తేడా కనబడుతుంది. చూలు కట్టే శక్తి బలహీనంగా సంక్రమిస్తుంది, నెమ్మదిగా మారుతుంది, లెక్క రాసి పెట్టుకోనివాడికి కనబడనే కనబడదు. అంటే ధరను చూసి ఎంచే రైతుకు లాభం వెంటనే కనిపిస్తుంది, నష్టం ఏళ్లు గడిచాక వట్టిపోయిన ఆవు రూపంలో కనిపిస్తుంది. అప్పుడు కూడా అతను మేతనో, డాక్టరునో, వానలనో తప్పు పడతాడు కానీ ఆంబోతును కాదు.

దూడలను అమ్ముకుని బతికే రైతుకు దూడ పుట్టడమే మొదటి ఆదాయం. ఈనని ఆవు మాంసం ఏ గ్రేడు?

3. ఇంతకీ ఆ కొనేవాడు ఎవరు?

'మార్కెట్' అంటూ ఏకవచనంలో మాట్లాడతారు. అమెరికాలో దూడ ఎన్ని చేతులు మారుతుందో చూడండి. పాలు మాన్పించిన దూడను సంతలో దళారి కొంటాడు. అతనికి ఒకే ఈడు, ఒకే రంగు, ఒకే సైజు లాట్ కావాలి, లారీ నిండాలి. అక్కడి నుంచి మేపుడు రైతుకు, అతని నుంచి దాణా పెట్టే ఫీడ్‌లాట్‌కు పోతుంది. ఫీడ్‌లాట్‌కు కావలసింది వేగంగా ఎదిగే పశువు. కబేళాకు కావలసింది బరువైన కళేబరం, ఎందుకంటే పెద్ద పశువును కోసినా చిన్న పశువును కోసినా కూలి ఇంచుమించు ఒకటే. హోటలువాడికి కావలసింది పళ్లెంలో పట్టే ముక్క. తినేవాడికి కావలసింది మెత్తదనం, అందుబాటు ధర. ఇవి ఒకదానికొకటి పొసగవు. కబేళా కోరినట్టు పశువు పెరిగింది: అమెరికాలో కోడె కళేబరం సగటు బరువు ఇప్పుడు 400 కిలోలు దాటింది. ఆ పశువు నుంచి వచ్చే స్టేక్ పళ్లెం పట్టనంత వెడల్పు కావడంతో దాన్ని సన్నగా కోస్తున్నారు. సన్నని ముక్క వండేటప్పుడు ఎండిపోతుంది. ఇందులో ఏ కొనేవాడిని రైతు మెప్పించాడు?

దూడను మేపి సిద్ధం చేశాక అక్కడ కొనే చేతులు ఎన్ని? జేబీఎస్, టైసన్, కార్గిల్, నేషనల్ బీఫ్ అనే నాలుగు కంపెనీలే ఇలా మేపిన పశువుల్లో దాదాపు 85 శాతం కోస్తాయి. 'మార్కెట్ అడిగింది పెంచు' అన్న సలహాను ఇలా తిరగరాస్తే ఎవరికీ అంత ముద్దుగా ఉండదు: నాలుగు కంపెనీల సౌకర్యానికి తగ్గట్టు నీ మందను మార్చుకో.

4. ఇవాళ్టి ధర, పదిహేనేళ్ల ఆంబోతు

లెక్క వేద్దాం. ఇవాళ ఆంబోతును కొన్నారు. చూలు తొమ్మిదిన్నర నెలలు. దూడ పుట్టి, ఎదిగి, కబేళాకు చేరేసరికి ఇంకో ఏడాదిన్నర. అంటే మొదటి కిలో మాంసం అమ్ముడయ్యేది సుమారు రెండున్నరేళ్ల తరవాత. ఆంబోతు నాలుగేళ్లు పనిచేస్తే, దాని ఆఖరి పెయ్యలు అయిదో ఏట పుడతాయి. వాటిని మందలో ఉంచుకుంటే పదేళ్ల దాకా ఈనుతాయి. అంటే ఇవాళ్టి ధరల పట్టీ చూసి తీసుకున్న నిర్ణయం పదిహేనేళ్ల తరవాత కూడా ఆ పొలంలో మేస్తూ ఉంటుంది. ఏ ఎండకా గొడుగు పట్టడానికి ఇది గొడుగు కాదు.

అమెరికాలో పశువుల ధరలు సుమారు పదేళ్లకోసారి చక్రంలా తిరుగుతాయి. 2025 జనవరి 1న అక్కడి మొత్తం పశువులు 8 కోట్ల 67 లక్షలు. 1951 తరవాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. కరువులకు, ఖర్చులకు తాళలేక ఆవులను అమ్ముకున్నారు. ఆ కొరత వచ్చాక ఏ రంగు దూడకైనా, ఏ జాతి దూడకైనా రికార్డు ధర పలికింది. ఆ దేశంలో తక్కువైంది కొవ్వు చారలు కాదు, ఈనే తల్లులు. మార్కెట్ మాట వినమనేవాళ్లు ఈ మాట కూడా వినాలి కదా!

5. ఈ పాఠం అమెరికాకు రెండుసార్లు ఎదురైంది

తర్కం చాలదనుకునేవాళ్లకు చరిత్ర ఉంది.

1930ల నుంచి అమెరికాలో వినిపించిన మాట: కుటుంబాలు చిన్నవవుతున్నాయి, గృహిణులు చిన్న ముక్కలు అడుగుతున్నారు, కాబట్టి చిన్న పశువు కావాలి. పొట్టిగా, బిగువుగా, నేలకు దగ్గరగా ఉండే హెర్‌ఫర్డ్, ఆంగస్, షార్ట్‌హార్న్ ఆంబోతులకు ప్రదర్శనల్లో బహుమతులు, వేలంలో ధరలు వచ్చాయి. కొనేవాడి కోరికే కొలత అయింది. 1940ల చివరికి, 50ల్లో, మందల్లో మరుగుజ్జు దూడలు పుట్టడం మొదలైంది. అణిగిన ముఖం, ఉబ్బిన పొట్ట, గురగురమనే శ్వాస. చాలావరకు బతికేవి కావు. కారణం అంతర్గతంగా దాగి ఉండే ఒక జన్యువు. అది రెండు వైపుల నుంచీ వస్తే దూడ మరుగుజ్జు. ఒక వైపు నుంచే వస్తే ఆ పశువు మామూలుగానే పెరుగుతుంది, కానీ కాస్త పొట్టిగా, కాస్త బిగువుగా, న్యాయనిర్ణేతకు నచ్చే ఆకారంలో ఉంటుందని అప్పటి పరిశోధకులు గుర్తించారు. అంటే కొనేవాడు ముచ్చటపడి ఎంచింది రోగాన్ని మోసే పశువునే. వంశవృక్షాల్లో ఆ జన్యువు తేలిన మందలు విలువ కోల్పోయాయి, ఎందరో పెంపకందారులు దివాలా తీశారు.

ఆ సమయంలో ఆదుకున్నది ఎవరో గమనించండి. మోంటానాలోని మైల్స్ సిటీలో ప్రభుత్వ పరిశోధన కేంద్రం 1934లో లైన్ వన్ అనే హెర్‌ఫర్డ్ మందను మొదలుపెట్టింది. ప్రదర్శనలతో, ఫ్యాషన్‌తో దానికి పని లేదు. ఆ చలి మైదానంలో ఎదిగే పశువును తూకం వేసి ఎంచారు. ఆ మంద పశువులు అప్పటి మోజుకు పొడుగ్గా, అనాకారంగా కనిపించేవి. మరుగుజ్జు జన్యువు వాటిలో లేదు. తీరా అందరి మందలూ చెడ్డాక, ఆ ఫ్యాషన్ లేని మంద ఆంబోతుల కోసమే జాతి మొత్తం వరసకట్టింది.

అక్కడితో బుద్ధి వచ్చిందా? లేదు, గాలి ఎదురు తిరిగింది. 1960ల చివర కెనడా మీదుగా ఫ్రాన్స్ షారలే, స్విట్జర్లాండ్ సిమెంటల్ వచ్చాయి. ఫీడ్‌లాట్‌లకు, కబేళాలకు ఇప్పుడు పెద్ద పశువు కావాలి. తుంటి ఎత్తును కొలిచి అంకె వేయడం మొదలుపెట్టారు. ఆ అంకె ఎంత పెద్దదైతే ధర అంత. 1980ల నడిమికి ప్రదర్శనల్లో నెగ్గే ఆంబోతులు మనిషి భుజం దాటాయి. వాటి కూతుళ్లు పచ్చిక బీడులోకి వెళ్లాయి. అంత ఒంటిని నిలుపుకునే మేత ఆ బీడులో లేదు. ఎండిన సంవత్సరాల్లో అవి చిక్కాయి, ఎదకు రాలేదు, వట్టిపోయాయి. 1990లకల్లా అదే పెంపకందారులు అదే గుణాన్ని తగ్గించే ఆంబోతుల కోసం డబ్బు పెట్టారు. పొట్టిదనానికి ఒకసారి, పొడుగుకు ఒకసారి, మళ్లీ మధ్యస్థానికి ఒకసారి. మూడుసార్లూ చెల్లించింది రైతే. మూడుసార్లూ సలహా ఒక్కటే: మార్కెట్‌ను చూడు.

ఇక నలుపు సంగతి. 1978లో సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ అనే బ్రాండ్ మొదలైంది. దానికి అర్హత పొందే పశువు తోలు కనీసం 51 శాతం నల్లగా ఉండాలి. నల్లదూడకు సంతలో ఎక్కువ ధర రాగానే ఎర్రని సిమెంటల్, బంగారు రంగు లిమూజిన్, గెల్బ్‌వీ జాతులన్నీ నల్లబడిపోయాయి. తోలు రంగు రుచిని మార్చదు. ఎండలో మాత్రం నల్లతోలు ఎక్కువ వేడెక్కుతుంది. కొనేవాడి గుర్తుకోసం పశువుకు ఉక్కపోత.

అందరూ ఒకే గుణం వెంట పడితే అందరూ ఒకే ఆంబోతు వెంట పడతారు. 2008లో ఆంగస్ మందల్లో వెన్ను మెలితిరిగి, కాళ్లు బిగుసుకుని చచ్చి పుట్టే దూడల కథ బయటపడింది. ఆ జన్యువును విస్తారంగా పంచిన ఆంబోతుల్లో ప్రముఖమైనది జీఏఆర్ ప్రెసిషన్ 1680. కొవ్వు చారలకు, మాంసం నాణ్యతకు పేరుమోసిన ఆంబోతు అది. దాని వీర్యం దేశమంతా వాడారు. తప్పు ఆ ఆంబోతుది కాదు, దాని చోట ఏ ఆంబోతైనా ఉండొచ్చు; ప్రతి పశువులోనూ దాగిన లోపాలుంటాయి. ఒకే గుణానికి ఒకే గొట్టంలోంచి జాతి మొత్తాన్ని పోయడం వల్ల ఆ లోపం రెండు వైపుల నుంచీ కలుసుకుంది. తరవాత డీఎన్ఏ పరీక్షలతో అదుపు చేశారు, బాగానే చేశారు. కానీ అది ఇల్లు అంటుకున్నాక వచ్చిన నీళ్ల బండి.

6. మార్కెట్ నిలకడగా ఉంటే సరేనా?

ఫ్యాషన్లు మారడమే సమస్య, నిలకడైన గిరాకీ ఉంటే మా మాట నిజమే కదా అంటారు. బెల్జియం చూడండి. అక్కడి కసాయివాళ్లు దశాబ్దాలుగా ఒకటే అడిగారు: కండ, ఇంకా కండ, కొవ్వు వద్దు. దొరికింది కూడా. కండ పెరగకుండా అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువు చెడిపోయిన బెల్జియన్ బ్లూ జాతి. ఆ లోపాన్ని 1997లో గుర్తించారు. ఫలితం: దూడ పిరుదులు తల్లి కటి దారి పట్టవు. ఆ జాతిలో నూటికి తొంభైకి పైగా దూడలు కడుపు కోసి తీయాల్సిందే. చిన్న దేశం, పక్క వీధిలో పశువైద్యుడు, దూడకు భారీ ధర, కాబట్టి నడుస్తోంది. టెక్సాస్ బీడులోనో, మాటో గ్రోసోలోనో వేల ఎకరాల్లో ఎక్కడో పొద వెనక ఈనే ఆవుకు కత్తి ఎవరు పట్టుకొస్తారు? కొనేవాడి కోరిక నూరు శాతం తీరిన చోట ఆవు సొంతంగా ఈనడమే మానేసింది.

7. బ్రెజిల్ గెలిచింది దేనివల్ల

ఇప్పుడు ఆ తీర్పు మూలస్తంభానికి వద్దాం. 1878లో మనోయెల్ లెంగ్రూబర్ హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఒంగోలు జతను కొని తీసుకెళ్లిన తరవాత చాలా దశాబ్దాల పాటు, బ్రెజిల్‌లో మూపురం పశువును మాంసం కొనేవాళ్లు నెత్తికెత్తుకోలేదు. యూరప్‌కు మాంసం పంపే కంపెనీలు యూరప్ రక్తం ఉన్న పశువునే కోరాయి. సావో పౌలో పండితులు మూపురం పశువును వెనకబాటుకు గుర్తుగా చూశారు. 1920లో భారత్ నుంచి బ్రెజిల్‌కు పోతున్న పశువుల వల్ల దారిలో బెల్జియంలో ముసరవ్యాధి పాకింది, అదే 1924లో పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టడానికి కారణమైంది. 1921లో బ్రెజిల్‌లోనూ ముసర బయటపడి దిగుమతులు ఆగిపోయాయి. అయినా 1960ల మొదట్లో మళ్లీ మన తీరం నుంచి ఆంబోతులు వెళ్లాయి. కరవది ఊరి పేరుతో కార్వాడి, నది పేరుతో గోదావరి అనే ఆంబోతులు అక్కడి వంశవృక్షాల్లో ఈనాటికీ ఉన్నాయి.

కొనేవాడు కాదన్నా రైతు ఎందుకు పట్టు విడవలేదు? మధ్య బ్రెజిల్ సెరాడో నేల ఆమ్లం, గడ్డి ముతక, ఎండ మండిస్తుంది, గోమారులు పీల్చేస్తాయి. యూరప్ జాతులు అక్కడ చచ్చాయి. ఒంగోలు సంతతి బతికింది. చిన్న దూడను తేలికగా ఈని, లేచి దాన్ని నాకి, పాలిచ్చి, అడవి మృగం వస్తే కొమ్ము విసిరి, మళ్లీ చూడి కట్టింది. నేల ఎంచింది. మార్కెట్ తరవాత వచ్చి, ఉన్న పశువును కొనడం నేర్చుకుంది. ఇదే కథ అమెరికా దక్షిణ తీరంలోనూ ఉంది. ఒంగోలు, గిర్, గుజెరాత్ రక్తంతో పుట్టిన బ్రాహ్మన్ పోలికలు చెవిలోనో గంగడోలులోనో కనిపిస్తే సంత దళారి ధర తగ్గిస్తాడు. అయినా అక్కడి రైతు బ్రాహ్మన్, హెర్‌ఫర్డ్ కలిపిన చారల ఆవును తల్లిగా వదులుకోడు, పైగా ఎక్కువ పెట్టి కొంటాడు. దళారికి నచ్చని ఆవే అతని అప్పు తీరుస్తోంది మరి.

మరి కొనేవాడిని గాలికి వదిలేయాలా? అక్కర్లేదు. అతని కోరిక తీర్చే చోటు వేరే ఉంది. తల్లుల మందను నేలకు తగ్గట్టు కట్టాలి. ఆ తల్లుల్లో కొన్నింటికి మాత్రం కొనేవాడికి నచ్చే ఆంబోతును దాటించి, పుట్టిన దూడలన్నింటినీ అమ్మేయాలి, ఒక్క పెయ్యను కూడా మందలో ఉంచకూడదు. అప్పుడు ఫ్యాషన్ మారితే మారేది ఒక ఆంబోతే, మంద కాదు. బ్రెజిల్ రైతులు చేస్తున్నది ఇదే: నెలోర్ ఆవుకు ఆంగస్ వీర్యం. చైనా 30 నెలల లోపు పశువునే కొంటానంటే దానికి సమాధానం చాలామట్టుకు మేతలో, దాణాలో దొరికింది. అమెరికాలో బీఫ్‌మాస్టర్ జాతిని తీర్చిన టామ్ లాసటర్ సాధుత్వం, చూలు శక్తి, బరువు, ఒడ్డూపొడవూ, తట్టుకునే గుణం, పాలు అనే ఆరింటినే చూశాడు, రంగును ఏనాడూ లెక్కపెట్టలేదు. దక్షిణాఫ్రికాలో యాన్ బోన్స్మా కూడా ఆ వేడి నేలలో నిలిచి ఈనే ఆవు నుంచే మొదలుపెట్టి బోన్స్‌మారాను నిలబెట్టాడు. ఇద్దరి పశువులూ ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

8. ఒంగోలు మార్కెట్ లేక పోలేదు

మన దగ్గర మార్కెట్ చూపు లేక ఒంగోలు జాతి తగ్గిందన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. ఒంగోలు గిత్త పూర్తిగా మార్కెట్ బిడ్డ. బరువు లాగే ఎద్దు కావాలని కొనేవాళ్లు అడిగారు, రైతు అలాగే పెంచాడు. ఎక్కువ ధర ఇచ్చిన ఎగుమతిదారుకు మంచి ఆంబోతులను అమ్మాడు. ట్రాక్టర్ రాగానే కొనేవాడు మాయమయ్యాడు. ఒకే కొనేవాడి కోసం కట్టిన మంద ఆ కొనేవాడితోపాటే కుప్పకూలింది.

ఇప్పుడు ఇంకో కొనేవాడు వచ్చాడు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ బండలాగుడు పందేలు. గెలిచిన గిత్తకు లక్షలు. అందాల పోటీలో ఎత్తుకు, మూపురానికి, తెలుపుకు బహుమతులు. గిత్తను దున్నపోతులా మేపుతాం, దాన్ని కన్న ఆవు ఎన్ని ఈతలు ఈనిందో, ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని నెలలు పట్టిందో, ఎన్ని పాలిచ్చిందో ఎవరూ రాయరు. మళ్లీ అదే తప్పు, కొనేవాడు మారాడంతే.

ప్రకాశం, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో పోటీలు జరిపే కమిటీలను అడిగేది ఒకటే. గిత్తకు బహుమతి ఇచ్చే ముందు దాని తల్లి ఈతల చిట్టా చూపించమనండి. చిట్టా లేని గిత్తకు పందెంలో బహుమతి ఇచ్చుకోండి, విత్తన ఆంబోతుగా మాత్రం పేరు పెట్టకండి. రైతు సోదరులారా, మీరు కూడా ఆవును ఆంబోతు దగ్గరికి తోలేముందు, వీర్యం సీసా అడిగేముందు, ఆ ఒక్క చిట్టా అడగండి. చూపించలేనివాడి దగ్గర ఎంత పేరున్న ఆంబోతైనా దాటించకండి.